పెనం మీద పంది చాప్స్, 3వ పాఠం: అడుగున అంటినదే సాస్

పోయిన పాఠంలో చెప్పినట్టు ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టారు కదా, ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. పెట్టలేదా? కనీసం 40 నిమిషాల ముందైనా ఉప్పు రాయండి.

మొదటి పాఠం చదవని వాళ్లకు ఒక్క మాట. మన నెల్లూరులో పోర్క్ అడిగితే సాధారణంగా కూర ముక్కలే కొట్టిస్తారు, కాబట్టి కత్తి పడకముందే "అన్నా, కూరక్కాదు, నడుము వైపు ఎముకతో సహా అంగుళం మందాన బిళ్లలుగా కోసివ్వు" అని చెప్పాలి. మాంసంలో బఠానీ గింజంత తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే మాత్రం కొనొద్దు, అది బద్దెపురుగు.

అంచున్న ఇనుప పెనం తీసుకోండి, దోసెల పెనమైతే సాస్ కారిపోతుంది. ముక్కల్ని గుడ్డతో పొడిగా అద్దండి, తడి ఉంటే వేగవు, ఉడుకుతాయి. అంచు కొవ్వుకి రెండు చోట్ల గాటు పెట్టకపోతే ముక్క దొప్పలా వంగిపోతుంది. ముందు ఆ కొవ్వు అంచునే పట్టకారుతో నిలబెట్టి రెండు నిమిషాలు వేయించండి, కరిగిన కొవ్వులోనే మిగతాదంతా వేగుతుంది. తర్వాత మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. రంగు చూసి ఉడికిందనుకోవద్దు, థర్మామీటర్‌ని పక్కనుంచి ఎముకకి తగలకుండా గుచ్చండి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో 63 డిగ్రీల సెల్సియస్, ఆపైన మూడు నిమిషాలు ఆగితే చాలంది కానీ, ఇక్కడ పందులు ఎక్కడ ఏం తిని పెరిగాయో మనకు తెలీదు, నేను 71 దాకా ఉంచుతాను, మీరూ ఉంచండి.

ముక్కలు తీసి పళ్లెంలో పెట్టండి. ఇప్పుడు పెనం కడగొద్దు! మటన్ వేపుడు దించాక ఆ బాణలిలోనే వేడన్నం వేసి కలిపి అమ్మ ముద్దలు పెట్టేది గుర్తుందా, ఆ రుచి ఎక్కడిదో ఈ సాస్ కూడా అక్కడిదే. నాన్‌స్టిక్‌లో అంత అంటదు. అడుగున అంటింది గోధుమరంగులో ఉంటే బంగారం, నల్లబడితే మాడు, చేదొస్తుంది, దాంతో సాస్ చేయొద్దు.

ఒక స్పూను కొవ్వు ఉంచి మిగతాది వంపేయండి. నాలుగు చిన్న ఉల్లిపాయల తరుగు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి మెత్తబడ్డాక అర గ్లాసు నీళ్లు పోసి, చెక్క గరిటెతో అడుగంతా గీకండి. పళ్లెంలో ఊరిన రసం కూడా పోసేయండి. సగానికి ఇగిరాక పొయ్యి ఆర్పి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ఒక స్పూను వేసి పెనాన్ని తిప్పుతూ కరిగించండి, మంట మీద వేస్తే విరిగి నూనె పైకి తేలుతుంది. చివర్లో నిమ్మరసం, అదీ వేరే గిన్నెలోకి వంపాకే, ఇనుములో పులుపు నిలవుంటే లోహపు రుచి పట్టేస్తుంది. పొదలకూరు కాయైతే సగం చెక్క చాలు.

ఈ వారం రెండు ముక్కలతోనే చేయండి, పెనంలో నాలుగు ఇరికిస్తే నీరూరి అడుగు అంటదు. వచ్చే పాఠంలో ఇదే అడుగుతో మామిడికాయ సాస్.