టీవీలో హత్య కథనం చూసేవారు దగ్గర పెట్టుకోవలసిన కాగితాలు

నేను కడపలో ఒక క్రిమినల్ ప్లీడరు దగ్గర గుమాస్తాను. హత్య జరిగి, హంతకుడు దొరకని ఇళ్ల వాళ్లు మా ఆఫీసు మెట్లెక్కే సరికి టీవీ వాళ్లు వచ్చి వెళ్లిపోయి ఉంటారు. బద్వేలు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకు గురించి ఛానెళ్లు చెప్పినదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఎఫ్ఐఆర్ నంబరు అడిగితే మాత్రం ఆమె దగ్గర లేదు. ఎవరూ ఇవ్వలేదు, అడగాలని ఎవరూ చెప్పలేదు. అలాంటి వాళ్ల కోసం, వాళ్ల పక్కింట్లో కూర్చుని అదే కథనం చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఎఫ్ఐఆర్ ప్రతి తీసుకోండి. ఫిర్యాదు చేసినవారికి దాన్ని ఉచితంగా ఇవ్వాలని 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. సున్నితమైన కేసులు తప్ప మిగతావాటి ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మా పరిధి కాదని స్టేషను నుంచి వెనక్కి పంపితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే నేరం ఎక్కడ జరిగినా ఆ స్టేషనులోనే నమోదు చేసి, సంబంధిత స్టేషనుకు పంపే ఎఫ్ఐఆర్. అసలే తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

ప్రతి చేతికి రాగానే ఫిర్యాదుదారు పేరు చూడండి. శవం పొలంలోనో కాలువలోనో దొరికినప్పుడు చాలాసార్లు ఊరి వీఆర్వో ఫిర్యాదు మీదే కేసు కడతారు. అప్పుడు కోర్టు నోటీసు వెళ్లేది వీఆర్వోకి, మీకు కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో కుటుంబాలు తమ కేసు మూతపడిందని ఏళ్ల తర్వాత తెలుసుకున్నాయి. మృతుడి వారసులు ఫలానా అని, చిరునామా, ఫోను నంబరుతో ఒక అర్జీ స్టేషనులో ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఇక టీవీ సంగతి. మొదటి రోజు కథనాన్ని మొదటి రోజు కథనంగానే చూడండి. 2019 మార్చి 15 ఉదయం పులివెందులలో మాజీ మంత్రి వివేకానందరెడ్డి గుండెపోటుతో చనిపోయారని తెరల మీద వచ్చింది. పొద్దు గడవకముందే అది హత్య అయింది. ఆ కేసు తర్వాత సీబీఐకి వెళ్లింది, విచారణ 2022లో హైదరాబాదుకు మారింది. మా జిల్లాలో ఆ ఉదయాన్ని మరచిపోయినవారు లేరు. అయినా మరో కేసు రాగానే తొలి గంటలో చెప్పిందే నిజమని వాదులాడుకుంటాం.

‘విచారణలో నేరం అంగీకరించిన నిందితుడు’ అని కింద అక్షరాలు పరుగెడితే కేసు తేలిపోయిందని అనుకోవద్దు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లో ఉన్న ఆ నియమమే ఇప్పటి సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా ఉంది. అతను చూపించిన చోట కత్తి దొరికితే, ఆ దొరకడానికి దారితీసిన మాట వరకే చెల్లుతుంది. మందు ఇచ్చి మగతలో ప్రశ్నలడిగే నార్కో పరీక్ష చేస్తే అంతా బయటపడుతుందని స్టూడియోలో ఎవరైనా అంటే, బలవంతంగా అది చేయడానికి వీల్లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తు చేసుకోండి.

తెర తీర్పు ఎంత దూరం పోతుందో నోయిడా కేసు చూపించింది. 2008లో ఒక బాలిక, ఇంటి పనిమనిషి హత్యకు గురయ్యారు. రాత్రికో కథ అల్లారు, తల్లిదండ్రుల ముఖకవళికల మీద కూడా చర్చలు పెట్టారు. 2013లో వాళ్లకు జీవితఖైదు పడింది, 2017లో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులన్నది. మన రాష్ట్రంలో 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్న యువకుణ్ని 2017లో హైకోర్టు విడిచిపెట్టింది, మరుసటి ఏడాది దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ అమ్మాయి పేరు నేను రాయను. లైంగిక దాడి బాధితుల పేరు బయటపెట్టడం నేరం, ఛానెల్‌కైనా మీ వాట్సాప్ గ్రూపుకైనా.

కెమెరా మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పోలీసులకు వాంగ్మూలం ఇవ్వకముందు ఇంటర్వ్యూ ఇవ్వకండి. దుఃఖంలో ఉన్న మనిషి సమయాలు తప్పు చెబుతాడు, విన్నదాన్ని చూసినట్టు చెబుతాడు. రెండేళ్ల తర్వాత ఎదుటి పక్షం ప్లీడరు ఆ వీడియో తీసి, ‘అప్పుడు తొమ్మిదన్నారు, ఇప్పుడు పదకొండంటున్నారు, ఏది నిజం?’ అని అడుగుతాడు. బోనులో నిలబడిన చెల్లెలో అన్నో నోట మాట రాక నిలబడిపోవడం నేను చూశాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మైకు ముందు తొందరపడ్డారంతే. ఎవరైనా బలవంతపెడితే ‘పోలీసులకు చెప్పాము’ అని తలుపు వేసుకునే హక్కు మీకుంది.

మీరే ప్రత్యక్ష సాక్షి అయితే ఇంకా జాగ్రత్త. అనుమానితుణ్ని మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే గుర్తింపు పరేడ్ జరగకముందు అనుమానితుడి ముఖం టీవీలో గానీ ఫోనులో గానీ చూశారంటే, పరేడ్‌లో మీరు గుర్తుపట్టిన దానికి విలువ పోతుంది. మీరు గుర్తుపట్టింది ఆ రాత్రి చూసిన మనిషినా, తెర మీది మనిషినా అని కోర్టు అడుగుతుంది. నిందితుల ముఖాలకు ముసుగు వేసి తెచ్చేది ఇందుకే. ఆ ముసుగు తీయమని అరిచే యాంకరు మీ కేసునే చెడగొడుతున్నాడు.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర, పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు, తెరలన్నీ న్యాయం జరిగిందన్నాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు అలాంటి ముగింపే కోరుకుంటారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. దొరికినవాడు అసలు దోషి అవునా, వాడి వెనక ఇంకెవరున్నారన్న ప్రశ్నలు ఆ తూటాతోనే పోతాయి.

ఛానెళ్లు ఇంకో ఊరికి వెళ్లిపోయాక తేదీలు లెక్కపెట్టండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ పోలీసులు తెలపాలి. చట్టం దృష్టిలో మృతుడి వారసులూ బాధితులే. 91వ రోజున రాతపూర్వకంగా అడగండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎఫ్ఐఆర్ నంబరు కొట్టి, కేసు కోర్టుకు చేరిందో లేదో చూసుకోవచ్చు.

దోషి దొరకలేదని ‘అన్‌డిటెక్టబుల్’ అంటూ పోలీసులు ఫైనల్ రిపోర్టు వేస్తే, ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. బంధువులకు నోటీసు తప్పనిసరి కాదు, అయితే తెలుసుకుని వస్తే వాళ్లనూ వినాలి. ఆ రిపోర్టును ఒప్పుకోవద్దని కోర్టును కోరే ప్రొటెస్ట్ పిటిషన్ అప్పుడే వేయాలి. పట్టించుకోని సాక్షి ఎవరు, తెప్పించని కాల్ రికార్డు ఏది, రాని ఫోరెన్సిక్ నివేదిక ఏది అని పేరుపేరునా రాయాలి. ‘న్యాయం చేయండి’ అని ఒక్క ముక్క రాస్తే ఏమీ కదలదు. హత్య కేసుకు కాలపరిమితి లేదు. కొత్త ఆధారం దొరికితే ఎన్నేళ్లకైనా తదుపరి దర్యాప్తు అడగవచ్చు.

హంతకుడు దొరకకపోయినా, కోర్టు విచారణ జరగకపోయినా, నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద నష్టపరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును కూడా ఇస్తారు. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ ప్రతి, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ నకళ్లు తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరి చేతిలోనూ పెట్టి రావద్దు.