నలుగురు కలిసి బైకుల మీద లాంగ్ టూర్ ఎలా వెళ్లాలి? (ముందు కొండ దిగడం రావాలి)

తిరుపతిలో బండి ఉన్న ప్రతి కుర్రాడి దగ్గరా హార్సిలీ హిల్స్ ప్లాన్ ఒకటి ఉంటుంది. చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె మీదుగా మొదటి రోజు. మర్నాడు రాయచోటి, గువ్వలచెరువు ఘాట్, కడప మీదుగా గండికోట. తిరిగి రావడం రాజంపేట, కోడూరు దారిన. మంచి రూటే. కాకపోతే హార్సిలీ హిల్స్ 1,200 మీటర్లకు పైన ఉంది, ఎక్కినవాడు దిగాలి. జాకెట్లకు, కెమెరాలకు పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ఆ దిగడం మీద ఎవరూ పెట్టడం లేదు. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేస్తాను.

బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి, ఇంజిన్ ఆయిల్, చైన్, బ్రేక్ ప్యాడ్లు చూసుకోండి. వెనక మనిషి, సామాను ఉంటే వెనక టైరులో గాలి ఎక్కువ కావాలి, ఎంతన్నది బండి పుస్తకంలో ఉంటుంది. పంక్చర్ కిట్, ఒక క్లచ్ కేబుల్, బండి కాగితాలు పెట్టుకోండి. సామాను సీటుకి రెండు పక్కలా కిందికి ఉండేలా కట్టండి, వీపు మీద బ్యాగు వద్దు. ఐదు బళ్లకు మించి పోకండి. గేర్లు లేని స్కూటర్‌తో వస్తానన్న స్నేహితుణ్ణి ఇంకొకరి వెనక కూర్చోబెట్టండి, అలిగినా సరే. తెల్లవారాకే బండి తీయండి. టిఫిన్ పీలేరులో, అంతకుముందు ఎక్కడా ఆగొద్దు.

ఇక అసలు సంగతి.

కొండ దిగేటప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేయడం. 'పెట్రోలు మిగులుతుంది మామా' అంటారు. ఇప్పుడొచ్చే ఇంజెక్షన్ బళ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, ఇంజిన్‌కి పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. బండిని చక్రమే నడిపిస్తుంటుంది. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం ఇంజిన్ పట్టు, అంటే బండి దూసుకుపోకుండా ఇంజినే వెనక్కి పట్టి ఉంచడం. ఆ పట్టు లేనప్పుడు బండి, ఇద్దరు మనుషులు, సామాను, ఈ బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. మలుపు తర్వాత మలుపు వాటినే నొక్కుతూ పోతే డ్రమ్ము వేడెక్కి పట్టు వదిలేస్తుంది. డిస్క్ అయితే లోపలి ఆయిల్ మరిగి, లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. తాళం ఆపేసి దిగేవాడికి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉండదు, బ్రేక్ లైటూ వెలగదు. వెనకొచ్చే బస్సుకి వాడు ఆగుతున్నాడని తెలిసేదెలా?

ఇంజిన్ నడుస్తూ ఉండాలి, గేరులో ఉండాలి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. మామూలు వాలులో మూడు, మెలిక తిరిగే చోట రెండు. గేరు తగ్గించడం, బ్రేకు వేయడం రెండూ మలుపు రాకముందే అయిపోవాలి. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు బ్రేకు గట్టిగా పడితే టైరు జారుతుంది. గేరు తగ్గించాక క్లచ్ నెమ్మదిగా వదలండి, ఒక్కసారిగా వదిలితే వెనక చక్రం బిగుసుకుని పక్కకు లాగుతుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. గేరులోనే ఉన్నాం కదా అనుకుంటూ భయంతో మలుపంతా క్లచ్ పట్టుకునే ఉంటారు. క్లచ్ పట్టుకుంటే న్యూట్రల్‌లో ఉన్నట్టే. బ్రేకును కూడా కొంచెంకొంచెంగా అదిమి ఉంచకండి. గట్టిగా పట్టండి, వేగం తగ్గగానే వదిలేయండి. ఆ వదిలిన కాసేపే దానికి చల్లారే టైం. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తగా తగిలినా వెడల్పున్న చోట పక్కకు ఆపేయండి. నీళ్లు మాత్రం పోయకండి, వేడి డిస్క్ వంకర పోవచ్చు.

ఇంజిన్ పట్టు విషయంలో నా పాత బుల్లెట్‌కి సాటి లేదు. మార్చమని ఇంట్లో పోరుతూనే ఉంటారు, మార్చను. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగుతుంది. రివ్వున పోయే బళ్లున్న స్నేహితులు ఎక్కేటప్పుడు నన్ను దాటిపోతారు, పోనివ్వండి.

గుంపుగా వెళ్లేటప్పుడు తిన్నని రోడ్డు మీద బళ్లు అటూఇటూగా నడిపినా ఫరవాలేదు, ఘాట్‌లో మాత్రం ఒకే వరుస. బాగా వచ్చినవాడు ముందు, ఇంకో బాగా వచ్చినవాడు ఆఖర్న. కొత్తవాడు రెండో స్థానంలో ఉండాలి, వేగం వాణ్ణి బట్టే. వాణ్ణి ఆఖర్న పెడితే అందుకోవాలన్న కంగారులో మలుపులు కోస్తాడు. మలుపులో ఎదురొచ్చే బస్సు మన వైపుకి వస్తుంది, దానికి వేరే దారి లేదు. అందుకని ఎడమకే ఉండండి. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలన్నది రూలు.

ఇదంతా చదివితే రాదు. టూర్‌కి వారం ముందు అదే సామాను కట్టుకుని, అదే మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తిరుమల వెళ్లిరండి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే, ఎదురు బళ్లుండవు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. దాదాపు 19 కిలోమీటర్లకు దేవస్థానం వాళ్లు పెట్టిన కనీస సమయం 40 నిమిషాలు, అంటే గంటకు 30 కూడా కాదు. ఎక్కడానికేమో 28 నిమిషాలే. ఆ తేడా ఎందుకో అవ్వాచారి కోన మలుపుల్లో మీకే తెలుస్తుంది. కిందికొచ్చాక అలిపిరి దగ్గర ఆగి, చెయ్యి ఆనించకుండా, డిస్క్ దగ్గర పెట్టి చూడండి. సెగ కొడితే ఇంకా బ్రేకుల మీదే దిగుతున్నారన్నమాట, మర్నాడు మళ్లీ వెళ్లండి.

టూర్‌లో గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. ఆ కాసేపు బ్రేకులు చల్లారనివ్వండి, బళ్ల వరుస సరిచూసుకోండి. అక్కడ లారీలు ఎక్కువ. దిగుతున్న లారీని ఘాట్‌లో దాటొద్దు, దాని వెనకే రెండో గేరులో పోండి. కిందికి చేరాక ఆఖరి బండి వచ్చేదాకా ఆగి, అప్పుడు కడప వైపు కదలండి.