లోహ ఉపరితలంపై పరమాణు కంపనాలు కనిపించనప్పుడు: సమస్య - పరిష్కారం

పంప్ అనే అతి పొట్టి లేజర్ పల్స్‌తో పరమాణువులను ఊపి, కొద్దిగా ఆలస్యంగా వచ్చే ప్రోబ్ అనే రెండో పల్స్‌తో ఆ ఊపును చదివే ప్రయోగం తడబడితే, చాలామంది ముందుగా నమూనానే అనుమానిస్తారు. పల్స్‌నూ కాలపు అక్షాన్నీ ముందు తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: నేపథ్యం (ఊపు లేని నెమ్మదైన సంకేతం) వస్తోంది, కంపనం లేదు.
పంప్ తగలగానే ఎలక్ట్రాన్లు వేడెక్కి, పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) స్థాయిలో ఆ వేడిని స్ఫటిక జాలకానికి అందిస్తాయి. ఆ నేపథ్యం కనబడుతోందంటే రెండు కిరణాలూ ఒకే చోట పడుతున్నట్టే. ఇక మిగిలింది పల్స్ నిడివి. బిస్మత్‌లోని ప్రధాన కంపనం సుమారు 2.9 టెరాహెర్ట్జ్, అంటే ఒక్కో ఊపుకు దాదాపు 345 ఫెమ్టోసెకన్లు (పికోసెకనులో వెయ్యో వంతు ఒక ఫెమ్టోసెకను). 800 నానోమీటర్ల వద్ద 30 ఫెమ్టోసెకన్లతో బయలుదేరిన పల్స్, దారిలోని కటకాలు, కిటికీలు అన్నీ కలిపి 50 మిల్లీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా గాజు దాటేసరికి, అందులో ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడవడం వల్ల, సుమారు 170 ఫెమ్టోసెకన్లకు సాగిపోతుంది. ఊపు కాలంలో సగం నిడివి ఉన్న పల్స్ పరమాణువులను ఒకే లయలో గట్టిగా కదిలించలేదు. అందువల్ల నిడివిని లేజర్ దగ్గర కాకుండా నమూనా ఉండే చోటనే ఆటోకోరిలేటర్ (పల్స్ నిడివిని కొలిచే పరికరం)తో కొలిచి, ఆ సాగుదలను వెనక్కి తిప్పే ప్రిజమ్‌ల జతతో గానీ చర్ప్‌డ్ అద్దాలతో గానీ సరిచేయాలి.

సమస్య: సున్నా ఆలస్యం వద్ద పదునైన ముల్లు.
ఇది పంప్, ప్రోబ్‌ల వ్యతికరణం. వాటి ధ్రువణాలను లంబంగా ఉంచి, డిటెక్టర్ ముందు పోలరైజర్ పెడితే బాగా తగ్గుతుంది.

సమస్య: పౌనఃపున్యం రెట్టింపుగా వస్తోంది.
డిలే స్టేజ్ (ఆలస్యాన్ని మార్చే కదిలే అద్దాల వేదిక) 1 మైక్రాన్ జరిగితే, కాంతి వెళ్లి తిరిగి రావాలి కనుక దాని దారి 2 మైక్రాన్లు పెరిగి, ఆలస్యం 6.67 ఫెమ్టోసెకన్లు అవుతుంది. ప్రోగ్రాంలో 3.33 అని రాసి ఉంటే 2.9 కాస్తా 5.8గా కనిపిస్తుంది. పంప్ శక్తి పెంచిన కొద్దీ పౌనఃపున్యం కొద్దిగా తగ్గడం మాత్రం లోపం కాదు. బలమైన ఉత్తేజంలో బంధాలు మెత్తబడటం నిజమైన భౌతిక ఫలితమే.

సమస్య: గంటలు గడిచేకొద్దీ సంకేతం క్షీణిస్తోంది.
ప్రోబ్ పడినప్పుడు ఉపరితలం నుంచి రెట్టింపు పౌనఃపున్యంతో వచ్చే కాంతిని చదివే సెకండ్ హార్మోనిక్ పద్ధతి వాడుతుంటే, అది ప్రధానంగా పైపొరనే చూస్తుంది కనుక, అంటుకునే వాయువు ఏ కొంచెమున్నా ఇక్కడ తెలిసిపోతుంది. శూన్య గదిలో పీడనం టార్‌లో (టార్ అనేది పీడనపు కొలమానం) పది లక్షలో వంతు ఉన్నా ఒక పొర పేరుకోవడానికి సెకను చాలు. కిరణాన్ని కొత్త చోటికి జరిపి చూడండి: సంకేతం తిరిగి వస్తే పాత చోటు లేజర్ వల్ల పాడైనట్టు, కనుక పంప్ శక్తి తగ్గించాలి, అంతటా ఒకేలా ఉంటే ఉపరితలం మలినమైనట్టు, కనుక ఆర్గాన్ అయాన్లతో శుభ్రపరిచి, వేడిచేసి, ఉపరితలం శుభ్రంగా, క్రమంగా ఉందని చూపే ఎలక్ట్రాన్ వివర్తన చుక్కలు స్పష్టంగా కనిపించాకే మళ్లీ కొలవాలి.