విదేశీ గ్రాంటుతో ఉమ్మడి పరిశోధనా? సంతకాలు అయ్యేదాకా ఎవర్నీ పనిలో పెట్టుకోకండి

2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నాలుగైదు రోజులకే యూఎస్‌ఎయిడ్ (అమెరికా తరఫున విదేశాలకు సాయం చేసే సంస్థ) డబ్బుతో నడిచే ప్రాజెక్టులకు పని ఆపమని నోటీసులు వెళ్లాయి. జులై 1తో ఆ సంస్థ సాయం చేసే పనే మానేసింది. మధ్యలో మే నెలలో, అక్కడ వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా ఒక ప్రకటన చేసింది. అమెరికా యూనివర్సిటీల చేతుల మీదుగా బయటి దేశాల భాగస్వాములకు వెళ్లే సబ్‌అవార్డులను (గ్రాంటులోంచి పంచే వాటాలను) కొత్త పద్ధతి వచ్చేదాకా ఇవ్వబోమంది.

ఇది అమెరికాతో మొదలైంది కాదు. 2021లో బ్రిటన్ తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి దించింది. అప్పటికే మాటిచ్చిన పరిశోధనలకు, చేతిలో మిగిలిన డబ్బుకు మధ్య సుమారు 12 కోట్ల పౌండ్ల తేడా వచ్చింది. సగంలో ఉన్న ప్రాజెక్టులకు కూడా కోత పడింది.

వాతావరణ మార్పు, వలసలు, భూగర్భ జలాలు, మందులకు లొంగని సూక్ష్మజీవులు... ఇవేవీ ఒక్క డిపార్ట్‌మెంటుతో తేలేవి కావు. ఆర్థికవేత్త, డాక్టరు, నీటి నిపుణుడు, ఊళ్లో పనిచేసే సంస్థ అందరూ కలవాల్సిందే. అందుకే ఈ గ్రాంట్లలో డబ్బు చాలా చేతులు మారి వస్తుంది. పైన ఎక్కడ ఆగినా దెబ్బ తగిలేది చివర ఉన్నవాళ్లకే, అంటే మనకే. ఈసారి కాల్స్‌కు (గ్రాంట్ల కోసం దరఖాస్తులు పిలిచే ప్రకటనలకు) అప్లై చేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రపోజల్ ఎలా రాయాలో చెప్పను, అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

అసలు తప్పు

సెలెక్ట్ అయ్యామన్న మెయిల్ చూసి మనుషుల్ని పెట్టుకోవడం. మునిగిపోయిన వాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే.

రాయలసీమలో ఒక చిన్న ట్రస్టు సంగతి దగ్గర్నుంచి చూశాను. విదేశీ యూనివర్సిటీ నుంచి అభినందనల మెయిల్ వచ్చింది. ఖరీఫ్ మొదలయ్యేలోపే రైతు కుటుంబాల సర్వే అయిపోవాలని అక్కడి నుంచి తొందర. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లల్ని ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లుగా తీసుకున్నారు. ట్యాబ్‌లు కొన్నారు, మండల కేంద్రంలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అగ్రిమెంటు మాత్రం అక్కడి లీగల్ సెక్షన్ దాటలేదు. ఈలోపు బడ్జెట్ తగ్గిందని ఇంకో మెయిల్. ఆ పిల్లలు జీతాల కోసం విదేశాలకు వెళ్లలేరు కదా, ట్రస్టు నడిపే ఆయన ఇంటికే వచ్చారు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి ఇచ్చాడాయన. ఆ సర్వే ఇప్పటికీ సగంలోనే ఉంది.

మెయిల్ డబ్బు కాదు. అగ్రిమెంటు మీద సంతకాలు, ఖాతాలో మొదటి విడత, ఈ రెండూ అయ్యాకే అపాయింట్‌మెంట్ లెటర్లు. "సీజన్ దాటిపోతుంది" అని పీఐ (ప్రాజెక్టు నడిపే ముఖ్య పరిశోధకుడు) ఒత్తిడి చేస్తే దాటిపోనివ్వండి. వచ్చే ఏడు మళ్లీ ఖరీఫ్ వస్తుంది.

డబ్బు ఏ దారిలో వస్తుంది?

బెల్మాంట్ ఫోరం అంటే పర్యావరణ మార్పుల పరిశోధనకు డబ్బిచ్చే వివిధ దేశాల నిధుల సంస్థల కూటమి. దాని కాల్స్‌లో ఉమ్మడి ఖాతా ఉండదు. ఏ దేశపు నిధుల సంస్థ ఆ దేశం వాళ్లకే ఇస్తుంది. మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ అందులో సభ్యురాలే, కానీ ప్రతి కాల్‌లోనూ డబ్బు పెడుతుందని అనుకోకూడదు. కాల్‌తో పాటు ఒక్కో దేశానికి విడిగా షరతులు ఇస్తారు, ముందు అవి చదవండి. యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్ చాలా పెద్దది, 2021-27కి సుమారు 9,550 కోట్ల యూరోలు. అందులో మన సంస్థలు చేరొచ్చు కానీ నిధులు వాటంతట అవి రావు. ఆ కాల్‌లో ప్రత్యేకంగా రాసి ఉండాలి, లేదా మనం లేకపోతే ప్రాజెక్టే నడవదని యూరోపియన్ కమిషన్ ఒప్పుకోవాలి. లేకపోతే మన ఖర్చు మనదే. పేరు చేర్చినంత మాత్రాన సంబరపడొద్దు.

ట్రస్టులు, సొసైటీలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత, అందుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు, ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. బడ్జెట్‌లో "స్థానిక భాగస్వామికి ఇంత" అని రాసేసి, డబ్బు వచ్చాక పంపలేక ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల వాటా వాళ్లకే నేరుగా వచ్చేలా ముందే రాయించండి.

ఇక మిగతావి:

- పరిపాలన ఖర్చు 20 శాతం దాటనివ్వకండి. ఇదీ ఎఫ్‌సీఆర్‌ఏ రూలే.
- రిజిస్ట్రేషన్ ఐదేళ్లే. ప్రాజెక్టు మధ్యలో ముగుస్తుందేమో తేదీ చూడండి. రెన్యువల్‌కు కనీసం నాలుగు నెలల ముందే అప్లై చేయండి.
- ఖర్చు పెట్టి బిల్లు పంపాక ఇచ్చే గ్రాంటయితే, ఆరు నెలలు సొంతంగా మోయగలరా? లేకపోతే వదిలేయండి.
- ఇది గ్రాంటా, సేవకు ఫీజా? ఆడిటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.
- వడదెబ్బ మీద పనైనా ఆరోగ్య పరిశోధనే కావచ్చు. విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. నెలలు పడుతుంది.
- విత్తనాలు, మట్టిలోని సూక్ష్మజీవులు దేశం దాటాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి. "శాంపిలే కదా" అని కవర్లో పెట్టి పంపకండి.
- బడ్జెట్ పౌండ్లలో ఉంటే, రూపాయి అటూ ఇటూ అయినప్పుడు నష్టం ఎవరిదో అగ్రిమెంటులో ఉండాలి.
- మధ్యలో ఆపేస్తే ఏంటి? నోటీసు ఎన్ని రోజులు, అప్పటిదాకా అయిన జీతాలు ఎవరిస్తారు, సర్వే డేటా ఎవరిది? ఈ మూడూ లేని అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి.
- ఒకే విదేశీ గ్రాంటు మీద మొత్తం ఆఫీసు జీతాలు నడపకండి.
- ఫోన్‌లో ఇచ్చిన హామీ చెల్లదు. అదే రోజు మెయిల్ పెట్టించుకోండి.
- సంతకాలు కాలేదా? ఎవర్నీ పెట్టుకోకండి.
- సంతకాలయ్యాయి, డబ్బు పడలేదా? అయినా పెట్టుకోకండి. ఇప్పటికే ఎవరికైనా నోటిమాటగా రమ్మని చెప్పి ఉంటే, ఇంకో ఉద్యోగం వస్తే వదులుకోవద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.