గోదావరి తేమలో రాక్షస బల్లులు: వాలితే, జిడ్డెక్కితే, పేరు తెలియకపోతే

మా అద్దాల బీరువాలో 113 బొమ్మలున్నాయి. అందులో టీ-రెక్స్ ఒక్కటే, అదీ మేనల్లుడికి పుట్టినరోజుకి రెండొచ్చాయని ఒకటి నాకిచ్చేశాడు. మిగతావన్నీ ఎవరూ అడగని బాపతు: నోథోసారస్, ప్లాకోడస్, టైలోసారస్, షోనిసారస్, అటోపోడెంటాటస్ లాంటి ఒకప్పటి సముద్ర సరీసృపాలే ఎక్కువ. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇది మొసలా? ఇది తాబేలా?" అని అడుగుతారు, నేను చెప్పడం మొదలుపెట్టగానే బస్సు టైమయిందంటారు.

ఎక్కడ కొనాలన్నది తర్వాత మాట. కొన్నాక మన అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఇళ్ళల్లో ఈ బొమ్మలు ఎలా పాడవుతాయి, పాడైతే ఏం చేయాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. వీడియోల్లో చెప్పే చిట్కాలు ఎక్కువగా పొడిగాలి ఉండే ఊళ్ళవి. చుట్టూ కాలవలు, చేలు, చేపల చెరువులు, కాస్త దూరంలో సముద్రం ఉన్నచోట అవే చేస్తే బొమ్మ ఒక్కోసారి ఇంకా పాడవుతుంది. నేను చేసి పాడుచేసుకున్నవే చెబుతున్నాను.

రెండు కాళ్ళ మీద నిలబడేది ముందుకు వాలిపోతోంది

మే నెలలో ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఇది. రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు, ఇక పీవీసీ ప్లాస్టిక్ ఎంత. ఈ బొమ్మలు చాలావరకు మెత్తబరిచిన పీవీసీతో పోస్తారు, వేడికి అది ఇంకా మెత్తబడుతుంది. పెద్ద తల, సన్నటి చీలమండలు ఉన్న మాంసాహారి బొమ్మయితే బరువంతా ఆ చీలమండల మీదే పడుతుంది. ఒక్కరోజులో పడదు, రోజుకి కొంచెం కొంచెంగా వంగుతూ, మీరు ఊరెళ్ళి వచ్చేసరికి ముక్కు అద్దానికి ఆనించి నిలబడి ఉంటుంది.

సరిచేయడం కష్టం కాదు గానీ తొందర పనికిరాదు. గిన్నెలో నీళ్ళు పెట్టి, అడుగున చిన్న చిన్న బుడగలు మొదలవగానే స్టవ్ కట్టేయండి. మరిగే నీళ్ళు వద్దు, గోళ్ళ దగ్గర, పళ్ళ దగ్గర రంగు లేచిపోతుంది. బొమ్మని తోక పట్టుకుని కాళ్ళు మాత్రమే మునిగేలా ఒక నిమిషం ఉంచండి. బయటికి తీశాక చీలమండ వేలితో నొక్కితే చపాతీ పిండిలా కాకపోయినా రబ్బరు చెప్పులా ఒంగాలి. అప్పుడు నిటారుగా కాదు, నిటారు కన్నా ఒక వెంట్రుకవాసి వెనక్కి వంచి, అలాగే పట్టుకుని ఐస్ ముక్కలు వేసిన నీళ్ళలో ముంచి, మూడు నాలుగు నిమిషాలు వదలకుండా పట్టుకోండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: చేతికి చల్లగా తగలగానే వదిలేస్తారు, లోపల ఇంకా వేడి ఉంటుంది, సాయంత్రానికి పాత వంపు తిరిగొచ్చేస్తుంది.

బొమ్మ లోపల డొల్లగా ఉంటే ఇంకో గొడవ. అతుకు సందులోంచి నీళ్ళు లోపలికెళ్ళి బయటికి రావు. ఊపితే గలగలమంటే పొట్ట కింద సన్నటి సూదితో బెజ్జం పెట్టి నీళ్ళు కార్చేసి, రెండు రోజులు ఫ్యాను కింద ఉంచండి. అంతకన్నా డొల్ల బొమ్మలకి నీళ్ళ జోలికి పోకుండా జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వాడటం మంచిది.

ఇంత చేసినా రేకుల షెడ్డు కింద, పై అరలో పెడితే వచ్చే ఏడాది మళ్ళీ వాలుతుంది. నేను ఏప్రిల్ ఆఖరుకే రెండు కాళ్ళవాటిని కింద అరలోకి దించి పక్కకి పడుకోబెట్టేస్తాను. షోకేస్ చూస్తే సాయంత్రం సంతలో కోళ్ళ గంపలా ఉంటుంది, అయినా సరే.

ఎలాస్మోసారస్ మెడ కిందికి వంగిపోయింది

దీనికి మందు అక్కర్లేదు. పాత బొమ్మల్లో ఈ సముద్ర సరీసృపం మెడని హంసలాగా పైకెత్తి చేసేవారు, అసలు జంతువు అలా ఎత్తగలిగేది కాదని ఎముకలు చూసినవాళ్ళు చెబుతారు. మెడలో 70కి పైగా వెన్నుపూసలున్నా వంపు తక్కువే. మీ బీరువా వేడికి మెడ ఒళ్ళుకి సమంగా సాగిపోయిందంటే గోదావరి ఎండ దాన్ని సైన్సు ప్రకారం దిద్దిందనుకోండి. మరీ నేలకి తగులుతుంటే మాత్రం పైన చెప్పిన వేడినీళ్ళ పద్ధతే. ఈ జంతువుతో పెద్దవాళ్ళే పొరబడ్డారు లెండి, 1868 ప్రాంతంలో ఎడ్వర్డ్ కోప్ అనే అమెరికా శాస్త్రవేత్త దీని తలని తీసుకెళ్ళి తోక చివర పెట్టాడు.

పట్టుకుంటే జిడ్డుగా అంటుకుంటోంది

పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి తేలుతుంది. వేడి, గాలి ఆడకపోవడం రెండూ కలిస్తే త్వరగా తేలుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టండి. నెలరోజుల్లో మళ్ళీ జిడ్డు వస్తే మళ్ళీ కడగండి, అంతే. పౌడర్ రాస్తే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత పౌడరూ జిడ్డూ కలిసి పొలుసుల సందుల్లో ముద్దకడుతుంది.

అసలు ప్రమాదం జిడ్డులో కాదు, దాని పక్కనున్న వస్తువులో ఉంది. నా నోథోసారస్‌ని ఇల్లు మారేటప్పుడు భద్రంగా ఉంటుందని థర్మకోల్ పెట్టెలో పెట్టి రెండేళ్ళు మర్చిపోయాను. తెరిచి చూస్తే పొట్ట థర్మకోల్‌లోకి దిగిపోయి ఉంది, ఆ తెల్లటి గుళ్ళు సగ్గుబియ్యంలా ఒంటినిండా అతుక్కుపోయాయి. బొమ్మ కరగలేదు, బొమ్మలోంచి వచ్చిన నూనె థర్మకోల్‌ని కరిగించింది. పుల్లతో గీకి గీకి ఒక ఆదివారమంతా పోయింది, అయినా ఎడమ తెడ్డు కింద మచ్చ ఉండిపోయింది. న్యూస్‌పేపర్ చుట్టినా ఇబ్బందే, అక్షరాలు ఒంటిమీదికి ఎక్కుతాయి. పాత నూలు పంచె ముక్కో చీర ముక్కో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి.

ఇంకొకటి, మన ఇళ్ళల్లో బీరువా అనగానే కలరా ఉండలు వేసేస్తారు. బట్టలకి సరే, బొమ్మల దగ్గర వద్దు. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి, రంగులూ చెడతాయి. మా అమ్మ తెలియక వేసిన నాలుగు ఉండల పుణ్యమా అని నా దగ్గరున్న గట్టి ప్లాస్టిక్ స్టాండ్లు రెండు బొమ్మలకి అతుక్కుపోయాయి.

శ్రావణంలో ఒంటిమీద తెల్లటి పొర

ముందు అది ఏమిటో చూడాలి. సమంగా, పల్చగా, వేలితో తుడిస్తే కొంచెం జారుడుగా ఉంటే అది పైన చెప్పిన జిడ్డుకి చెల్లెలే, కడిగితే పోతుంది. చుక్కలు చుక్కలుగా, చంకల్లో, పళ్ళ మధ్య, తెడ్డు మడతల్లో ఉండి, మూసిన గది వాసన వస్తే అది బూజు. బూజు పట్టినదాన్ని ముందు మిగతావాటి నుంచి విడదీయండి, సబ్బునీళ్ళతో బ్రష్ చేసి, ఎండలో కాకుండా ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. స్పిరిట్‌తో తుడవమని చాలామంది చెబుతారు. రంగు ఊడొచ్చే అవకాశం ఉంది కాబట్టి ముందు పాదం అడుగున ఒక చుక్క వేసి చూడండి. గోళ్ళ రంగు చెరిపే రిమూవర్, థిన్నర్ అసలు ముట్టుకోవద్దు.

బీరువా గోడకి ఆనించి ఉంటే నాలుగు వేళ్ళు ఇవతలికి జరపండి. వరద రోజుల్లో మా గోడ తాకితే చెయ్యి తడిసినట్టే ఉంటుంది. ప్రతి అరలో సిలికా జెల్ పెట్టండి, రంగు మారేదైతే మంచిది, రంగు మారాక కళాయిలో సన్నటి సెగ మీద వేయించి మళ్ళీ పెట్టుకోవచ్చు. బియ్యం మూట పెట్టమన్న సలహా నేనూ పాటించాను. తేమ సంగతేమో గానీ పురుగు పట్టింది.

వేసిన రంగు ఆరడం లేదు, వార్నిష్ పాలలా తెల్లబడింది

చౌకగా దొరికిన బొమ్మకి మళ్ళీ రంగులేసుకునేవాళ్ళకి ఇది. గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ ఉంది కదా అని వేస్తే మెత్తటి పీవీసీ మీద అది నెలలు గడిచినా బంకబంకగానే ఉంటుంది, ఊడబెరకడం తప్ప మార్గం లేదు. నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగులే వాడండి, వేసేముందు బొమ్మని సబ్బుతో కడగండి, అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన పదార్థం ఇంకా ఒంటిమీద ఉండొచ్చు.

స్ప్రే వార్నిష్ తెల్లబడటానికి కారణం ముసురు. స్ప్రేలోని ద్రావకం త్వరగా ఆవిరై ఆ చోటు చల్లబడుతుంది, గాలిలోని తేమ అక్కడ దిగి పొరలో ఇరుక్కుంటుంది. కంగారుపడి గీకేయకండి. గాలి పొడిగా ఉన్న రోజు, మధ్యాహ్నం పూట, అదే వార్నిష్ పల్చగా మరోసారి కొడితే చాలాసార్లు లోపలి తేమ బయటికి పోయి పొర తేటపడుతుంది. నేను ఈ పనులన్నీ సంక్రాంతి తర్వాత, మంచు విడిపోయాక పదకొండింటికి మొదలుపెట్టి మూడింటికి ముగించేస్తాను. ఇంకా నన్నడిగితే స్ప్రే వదిలేసి, నీళ్ళ ఆధారపు మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో వేసుకోండి.

అసలు ఇది ఏ జంతువు?

జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కవరు నిండా రాక్షస బల్లులు అమ్మే అతన్ని ఒకటి చూపించి ఇదేంటండీ అంటే "మొసలండీ, తీసుకోండి, నీళ్ళలో తేలుతుంది కూడా" అన్నాడు. అది మోససారస్. అతను పూర్తిగా తప్పూ కాదు, సరీసృపమే, సముద్రంలోదే. కాకపోతే చుట్టరికం మొసలితో కాదు, ఉడుములతోనూ పాములతోనూ.

బొమ్మ పొట్ట కింద చూడండి, మంచి కంపెనీలు పేరు, ఏడాది ముద్ర వేస్తాయి. ఏమీ లేకపోతే కాళ్ళు చూడండి. కాళ్ళకి బదులు తెడ్లుంటే అది డైనోసారే కాదు, సముద్ర సరీసృపం. చేపలా ఉండి తోక పులస తోకలా నిలువుగా ఉంటే ఇక్తియోసార్, అడ్డంగా ఉంటే అది డాల్ఫిన్, ఎవరో కవర్లో కలిపేశారు. నాలుగు తెడ్లు, పొట్టి తోక, పొడుగు మెడ అయితే ప్లీసియోసార్. వీపు మీద తెరచాప ఉండి కాళ్ళు పక్కలకి పరుచుకుని ఉంటే డైమెట్రోడాన్ కావచ్చు, అది డైనోసార్లకి ఎంతోముందే పోయింది, వాటికన్నా మనకే దగ్గర బంధువు.

వీపు పొడుగునా జూలులాంటి అంచు ఉన్న టైలోసారస్ దొరికితే అది పాత ఊహతో చేసిన బొమ్మ. 1898లో శామ్యూల్ విల్లిస్టన్ అనే శాస్త్రవేత్త ఒక శిలాజంలో అలాంటి అంచు చూశాననుకున్నాడు, 1902లో అవి గాలిగొట్టం ఉంగరాలని ఆయనే దిద్దుకున్నాడు. చిత్రకారులు, బొమ్మలవాళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం వదల్లేదు. తప్పు కదా అని కొందరు ఆ అంచు బ్లేడుతో కోసేస్తారు. నేనైతే ఉంచేస్తాను, ఆ తప్పుకీ ఒక చరిత్ర ఉంది.

పక్కపక్కన పెడితే సైజులు కలవడం లేదు

కంపెనీలు ఒకే పెట్టెలో పట్టేలా చేస్తాయి, అందుకే పిల్లి అంత జంతువూ ఏనుగంత జంతువూ ఒకే కొలతలో వస్తాయి. 1:40 అని ఒక స్కేలు పెట్టుకుని, అసలు పొడవుని 40తో భాగించండి. కచ్‌లో దొరికి 2017లో ప్రకటించిన ఇక్తియోసార్ దాదాపు ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 14 సెంటీమీటర్ల బొమ్మ కావాలి. కలవనివాటిని వేరే అరలో పెట్టేయండి, దీనికింతకన్నా ఆలోచన అక్కర్లేదు.

కావలసింది దొరకడం లేదు

2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు కూడా తప్పనిసరి. కలెక్టా, సఫారీ, పాపో లాంటి బయటి దేశాల కంపెనీల బొమ్మలు రాజమండ్రి, కాకినాడ షాపుల్లో అరుదైపోయాయి. ఎవరైనా బయటి దేశం నుంచి వస్తుంటే చాక్లెట్లు వద్దు, ప్లాకోడస్ తెమ్మని ముందే చెప్పుకోవడమే దారి.

మన గోదావరి జంతువు సంగతి ఇంకో రకం. ప్రాణహిత, గోదావరి లోయలోని 'కోట' అనే పేరున్న శిలల పొరల్లో దొరికిన కోటసారస్ అనే పొడుగు మెడ డైనోసార్‌కి 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు, ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టి ఉన్నాయి. అదే శిలల్లో దొరికిన మరో డైనోసార్ బారాపాసారస్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. కోటసారస్ బొమ్మ నాకు ఏ దుకాణంలోనూ కనిపించలేదు, అందుకని చేసుకున్నాను. అసలుది దాదాపు 9 మీటర్లని అంచనా, కాబట్టి 22 సెంటీమీటర్ల పొడుగు మెడ శాకాహారి బొమ్మ ఒకటి తీర్థంలో కొని, మెడ కొంచెం కోసి పొట్టి చేసి, కాళ్ళు చెక్కి సన్నబరిచి, అతుకుల దగ్గర ఎంసీల్ పుట్టీ పెట్టాను. పుట్టీ ముట్టుకునే ముందు వేళ్ళు తడిచేసుకుంటే అంటుకోదు.

చిక్కంతా తల దగ్గర. కోటసారస్ పళ్ళు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. మూడుసార్లు తల మార్చాను, ఇప్పుడున్నది పక్కింటి దూడలా ఉందని మా అమ్మాయి అంటోంది. మీరు చేసుకుంటే తలని అతికించేయకండి, విడిగా చేసి, మెడలో గుండుసూది గుచ్చి దానికి తగిలించండి. గోదావరి ఎగువన ఎక్కడో అసలు తల తవ్వకాల్లో బయటపడితే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఆ గుండుసూది మాత్రం స్టీలుదై ఉండాలి, మామూలుది రెండు వర్షాకాలాలకి తుప్పు పట్టి మెడ మీద ఎర్రటి చార దించింది.