సీఆర్‌జేలో వేగం ఎందుకు పడిపోయిందంటే

నల్గొండలో మా మేడ మీది గదిలో, కంప్యూటర్ సిమ్యులేటర్‌లో సీఆర్‌జే-700 అనే చిన్న జెట్ విమానం నడుపుతుంటాను. తూర్పు నుంచి, అంటే ఇంచుమించు మా జిల్లా మీదుగానే, శంషాబాద్‌కు దిగుతూ ఎత్తు నిలపగానే వేగం పడిపోయేది. ఆ ఎత్తు కాపాడటానికి ఆటోపైలట్ ముక్కు పైకెత్తుతూ పోయేది. కాసేపటికి గడగడమని స్టాల్ (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక, ఆటోపైలట్ కట్!

నాలుగు రాత్రులు ఇదే టెన్షన్. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, దండగ. తీరా చూస్తే ఈ విమానంలో ఆటోథ్రాటిలే (వేగం నిలిచేలా ఇంజిన్ పవర్‌ను తానే సర్దే ఏర్పాటు) లేదు. పెద్ద బోయింగ్‌ల అలవాటు నన్ను ముంచింది. ఇప్పుడు ఎత్తు నిలిచేలోపే నేనే పవర్ పెంచుతున్నాను.

ఇంకో తిరకాసు: పవర్ లివర్ ముట్టకపోయినా ఎన్1 (ఇంజిన్ ముందుండే ఫ్యాన్ వేగం) అంకె ఎగిరెగిరి పడేది. ఆ లివర్ విప్పితే లోపల దుమ్ము, మా వీధి మట్టే. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ క్యాలిబ్రేట్ చేశాను. అంకె కుదురుకుంది.