వ్యర్థ జలాలు వదిలేటప్పుడు రేడియేషన్ మానిటర్ మొరాయిస్తే

అమెరికాలోని అణు విద్యుత్ కేంద్రాల్లో ద్రవ వ్యర్థాలను ట్యాంకులో పట్టి, బాగా కలిపి, శాంపిల్ పరీక్షించాకే బయటికి వదులుతారు. ఆ విడుదల పైపు మీద ఎక్కువగా సోడియం అయొడైడ్ డిటెక్టర్ (గామా కిరణాలను పట్టే పరికరం) ఉన్న మానిటర్ కాపలా కాస్తుంది. రీడింగ్ సెట్‌పాయింట్ (ముందే పెట్టిన పరిమితి) దాటితే విడుదలను ఆపే ఐసొలేషన్ వాల్వ్ దానంతటదే మూసుకోవాలి. మానిటర్ మీద ఏ కాస్త అనుమానం వచ్చినా ముందు విడుదల ఆపేయండి, కారణం తర్వాత వెతకవచ్చు.

రీడింగ్ సున్నాకు పడిపోయింది

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టేది ఇదే. అలారం మోగితే అందరూ పరిగెత్తుకొస్తారు, సున్నా చూసి మాత్రం నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకుంటారు. పరిసరాల్లోని రేడియేషన్ వల్ల మంచినీళ్లు పారుతున్నా కొన్ని కౌంట్లు (డిటెక్టర్ లెక్కించే సంకేతాలు) రావాల్సిందే. అసలేమీ రావడం లేదంటే హై వోల్టేజ్ సప్లై, ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ (డిటెక్టర్‌లోని మెరుపులను విద్యుత్ సంకేతాలుగా మార్చే గొట్టం), తేమ పట్టిన కేబుల్ కనెక్టర్, వీటిలో ఏదో ఒకటి పోయి ఉంటుంది.

చెక్ సోర్స్ (డిటెక్టర్‌ను పరీక్షించే చిన్న రేడియోధార్మిక మూలం) తెరిచి చూడండి. కౌంట్లు పెరగకపోతే హై వోల్టేజ్ కొలవాలి. సప్లై ఆపాకే కనెక్టర్ విప్పి, ఆరబెట్టి బిగించాలి. అప్పటికీ లాభం లేకపోతే ట్యూబ్ మార్చాలి. మార్చాక చెక్ సోర్స్‌తో సరిపెట్టకుండా పూర్తి క్యాలిబ్రేషన్ చేయించండి.

చెక్ సోర్స్‌కు స్పందిస్తోంది, విడుదల మొదలైనా రీడింగ్ కదలదు

డిటెక్టర్ బాగానే ఉంది, దాని దగ్గరికి నీళ్లే రావడం లేదేమో! డిటెక్టర్‌కు నీళ్లు తెచ్చే శాంపిల్ లైన్‌లో ఫ్లో మీటర్ చూడండి. స్ట్రెయినర్ (చెత్త పట్టే జల్లెడ) పూడుకుపోవడం, మరమ్మతు తర్వాత చిన్న వాల్వ్ మూసే ఉండిపోవడం సాధారణ కారణాలు.

రీడింగ్ ఎక్కువగానే ఉండిపోయింది

ముందు దాన్ని నమ్మండి. కొత్త శాంపిల్ తీసి గామా స్పెక్ట్రమ్ (ఏ రేడియోధార్మిక పదార్థాలున్నాయో చూపే పరీక్ష) చూడండి. శాంపిల్ శుభ్రంగా ఉంటే డిటెక్టర్ చాంబర్ గోడలకు కాలుష్యం అంటుకుని ఉండవచ్చు, శుభ్రమైన నీటితో ఫ్లష్ చేయాలి. పక్క పైపులోంచి వాడిన రెజిన్ (నీటిలోని రేడియోధార్మిక పదార్థాలను పట్టుకున్న గుళికలు) తరలిస్తున్నారేమో కూడా అడగండి. సెట్‌పాయింట్ పెంచి అలారం నోరు మూయించడం మాత్రం వద్దు.

ఉన్నట్టుండి ఎగిరి పడే రీడింగ్‌కు దగ్గర్లో వెల్డింగో, వదులైన ఎర్తింగో కారణం కావచ్చు.

మానిటర్ లేకుండా వదలవచ్చా?

కఠిన షరతుల మీద వదలవచ్చు. అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ మాదిరి నిబంధనల ప్రకారం విడుదలకు ముందు కనీసం రెండు స్వతంత్ర శాంపిళ్లు పరీక్షించాలి. అర్హులైన ఇద్దరు విడుదల లెక్కలనూ వాల్వుల అమరికనూ విడివిడిగా సరిచూడాలి. ఒకరు లెక్క కడితే పక్కనున్నవారు సంతకం పెట్టడం తనిఖీ కాదు. ఫ్లో మీటర్ కూడా పోతే ప్రతి 4 గంటలకు ప్రవాహాన్ని అంచనా కట్టాలి.

మానిటర్ బాగున్నా ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) దానికి కనపడదు. ట్రిషియం వెలువరించే బీటా కణాల గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి డిటెక్టర్ తొడుగును కూడా దాటలేవు. దాన్ని ల్యాబ్‌లో లిక్విడ్ సింటిలేషన్ (శాంపిల్‌ను మెరిసే ద్రవంలో కలిపి మెరుపులు లెక్కించే) పద్ధతిలోనే కొలవాలి.